పట్టా కాగితం పక్కనే తాత ఫొటో కూడా

మీ ఇంట్లో పోడు పట్టా ఎక్కడుందో మీకు తెలుసు. రేషన్ కార్డు, ఆధార్, కుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం ఏ కవర్లో ఉన్నాయో, ఆ కవరు ఏ పెట్టెలో ఉందో అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తారు. మరి మీ తాత ఫొటో ఎక్కడుంది? మీ అమ్మ పెళ్లి ఫొటోలు? మీ నాన్న ఆశ్రమ పాఠశాలలో దిగిన గ్రూపు ఫొటో? చాలామంది దగ్గర జవాబు ఒకటే. "ఎక్కడో ఉండాలి. గోడకుండేది, ఫ్రేములో చెదలు పట్టింది."

ఈ సంపాదకీయం ఆ "ఎక్కడో" గురించే.

మిత్రులారా, కొందరు వెంటనే అడుగుతారని మాకు తెలుసు. ఏజెన్సీ టీచర్ పోస్టులు మనకే ఇచ్చిన జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది, పోడు దరఖాస్తులు ఆఫీసుల్లో మూలుగుతున్నాయి, ఊళ్లకు ఊళ్లు మునుగుతున్నాయి, ఇప్పుడు ఫొటోల పెట్టె ముచ్చట ఎందుకు అని. ప్రశ్న సరైనదే. కానీ ఒక్కటి ఆలోచించండి. భూమి గురించి ఏ ఆఫీసుకు పోయినా, "మీరు ఇక్కడ ఎప్పటి నుంచి ఉన్నారు? రుజువేది?" అనే అడుగుతారు. మన రుజువులు ఎక్కువగా మన పెద్దల నోట్లో ఉన్నాయి. ఆ పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. కాగితం మీద మిగిలినవాటిలో ఫొటో ఒకటి. దాన్ని కూడా వానకు, చెదకు వదిలేస్తే ఎట్లా?

మన ఇళ్లలో ఫొటోలు మొదటి నుంచీ తక్కువే. గూడేనికి కెమెరా ఆలస్యంగా వచ్చింది. మన పెద్దలు ఫొటో దిగిందే అవసరం కోసం. లోన్ దరఖాస్తుకో, బడిలో చేరడానికో, రేషన్ కార్డుకో. లేదంటే జాతరకు పోయినప్పుడు, రంగుల పరదా ముందు బిగుసుకుని నిలబడి దిగింది ఒకటి. ఒక మనిషి మొత్తం జీవితానికి ఒకే ఒక్క ఫొటో ఉన్న ఇళ్లు మనలో ఎన్నో. పట్నంలో ఒకరి పెళ్లి ఆల్బమ్‌లో ఒక ఫొటో పోతే వందలు మిగులుతాయి. మన దగ్గర ఒకటి పోతే ఆ మనిషి ముఖమే పోతుంది. తేడా అది.

ఇంకో సంగతి. మన పూర్వీకుల ఫొటోలు లేవా అంటే ఉన్నాయి, మన దగ్గర లేవు, అంతే. 1940లలో హైమన్‌డార్ఫ్ హైదరాబాద్ సంస్థానంలో చెంచుల మధ్య, పాపికొండల కొండరెడ్ల మధ్య, ఆదిలాబాద్ గోండుల మధ్య తిరిగి పుస్తకాలు రాశారు, బోలెడు ఫొటోలు తీశారు. మార్లవాయి జనం ఆ దంపతులను ఇప్పటికీ తమవాళ్లుగా తలుచుకుంటారు. ఆయన్ని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ ఫొటోల భాండాగారం ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో ఉంది. ఎనభై ఏళ్ల కిందటి తమ ఊరి ముఖాలు చూడాలంటే ఒక గోండు పిల్ల లండన్ విశ్వవిద్యాలయం వెబ్‌సైటు తెరవాలి. ఇంకా పాత మానవశాస్త్ర పుస్తకాలు తిరగేయండి. ఫొటో కింద తరచుగా "ఒక కోయ స్త్రీ" అనో, "చెంచు వేటగాడు" అనో ఉంటుంది. ఆమె పేరేంటి? ఎవరి బిడ్డ? తీసినవాళ్లు అడగలేదో, అడిగినా అచ్చు వేయలేదో. మన ఇంటి ఫొటో వెనక కూడా పేరు లేకపోతే, మన మనవలకు మన అవ్వ కూడా "ఒక కోయ స్త్రీ"గానే మిగులుతుంది. ఆ పని బయటివాళ్లు చేయలేదు, మనమే చేసినట్టు.

చట్టం సంగతి కూడా స్పష్టంగా చెప్పుకుందాం. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం ఎస్టీలు 2005 డిసెంబరు 13 నాటికి భూమి తమ స్వాధీనంలో ఉందని చూపాలి. 2008 నిబంధనల్లో 13వ నిబంధన ఏవేవి సాక్ష్యాలో చెప్తుంది. ప్రభుత్వ రికార్డులతో పాటు ఇల్లు, గుడిసె, చదును చేసిన నేల, గట్లు, చెక్‌డ్యాములు, పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు, వంశవృక్షం, పెద్దల వాంగ్మూలం ఇవన్నీ సాక్ష్యాలే. ఒక్కటి కాదు, ఒకటికి మించి చూడాలని కూడా ఆ నిబంధనే అంటుంది. ఫొటో ఒక్కటే పట్టా ఇప్పించదు. అట్లా అని ఎవరైనా చెప్తే నమ్మకండి. కానీ పెద్దాయన వాంగ్మూలం పక్కన ఆయనే ఆ గట్టు మీద నిలబడ్డ పాత ఫొటో ఉంటే, మూలన కెమెరా కొట్టిన నారింజ రంగు తేదీ ఉంటే, గ్రామసభలో ఆ మాటకు బలం వస్తుంది. వెనక పొలం, ఇల్లు, చింతచెట్టు, సమాధి రాయి కనపడే ఫొటోలను అందుకే విడిగా గుర్తు పెట్టుకోవాలి. ముఖాల కోసం తీసిన ఫొటోలో వెనక నేల కూడా పడింది. దాన్ని చూడటం నేర్చుకోండి.

ఇక అసలు పని. ఫొటోకు శత్రువులు ఐదు: తేమ, వేడి, వెలుతురు, పురుగు, పొగ.

విత్తనం దాచడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. బూడిద కలిపి, సొరకాయ బుర్రలో పోసి, పొయ్యి పైన అటక మీద పెట్టి ఏడాదంతా కాపాడతాం. కానీ ఫొటో దగ్గర ఆ తెలివి సగమే పనికొస్తుంది. పొడిగా ఉంచడం, నేలకు తగలకుండా ఉంచడం రెంటికీ మంచిదే. పొగ మాత్రం విత్తనానికి మేలు, ఫొటోకు కీడు. మసి పొర ఫొటో మీద కూర్చుంటే మళ్లీ వదలదు. పొయ్యి వేడికి బొమ్మ వంకర్లు పోతుంది. కాబట్టి అటక మీద వద్దు, పొయ్యి ఉన్న గదిలోనే వద్దు.

గోడ కూడా మంచి చోటు కాదు. మట్టి గోడైనా సిమెంటు గోడైనా వానాకాలం చెమ్మ లాగుతుంది. చెద ఫ్రేము వెనక అట్టలో నుంచి ఎక్కుతుంది. కిటికీ ఎదురుగా ఉంటే వెలుతురుకు రంగు పోతుంది. నలుపు తెలుపు ఫొటోలు కాస్త గట్టివి. 1980లు, 90ల కలర్ ఫొటోలు మాత్రం ఎర్రగా మారిపోవడం మీరు చూసే ఉంటారు. ఆ కాగితంలోని రంగులు అన్నీ ఒకే తీరున నిలవవు, నీలం ఛాయ ముందు పోతే ఎరుపు మిగులుతుంది. మరి అమ్మ ఫొటో గోడకు ఉండకూడదా? ఉండాలి. కాపీ గోడకు, అసలు పెట్టెలో. ఇది ఒక్కటి పాటించినా సగం పని అయినట్టే.

పెట్టె ఏదైనా ఇనప ట్రంకు పెట్టె మేలు. చెక్కపెట్టె అయితే చెద భయం. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా కూడా సరే, కాకపోతే ముసురు రోజు మూత పెడితే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. బాగా ఎండ కాసిన రోజు సర్ది మూత వేయండి. పెట్టె నేల మీద వద్దు. రెండు ఇటుకలో రాళ్లో వేసి వాటి మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. రేకుల ఇల్లయితే రేకుకు దగ్గరగా ఎత్తులో పెట్టకండి, వేసవిలో ఆ వేడికి ఫొటోలు ఒకదానికొకటి అంటుకుంటాయి. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే తెల్ల గుళికల పొట్లాలు తేమ పీలుస్తాయి, పెట్టెలో రెండు వేసి అప్పుడప్పుడు మార్చండి. కలరా ఉండలు, వేపాకు ఫొటోలకు తగలనివ్వకండి. పచ్చి ఆకు తడి తెస్తుంది, ఆ ఉండలు ప్లాస్టిక్‌ను పాడు చేస్తాయి.

పెట్టెలో ఫొటోలు ఊరికే పోయకండి. తెల్ల కాగితం కవర్లలో పెట్టండి. న్యూస్‌పేపర్లో చుట్టొద్దు, ఆ సిరా అంటుతుంది, ఆ కాగితం పసుపెక్కి ఫొటోనూ పాడు చేస్తుంది. జిరాక్స్ కాగితం దానికంటే ఎన్నో రెట్లు నయం. జిగురు పేజీ మీద ఫొటో అంటించి పైన ప్లాస్టిక్ పొర వేసే ఆల్బమ్‌లు ఒకప్పుడు ప్రతి పెళ్లికీ ఇచ్చేవాళ్లు. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ ఫొటోను పట్టేసుకుంటుంది. మీ ఇంట్లో ఉంటే, సులభంగా వచ్చేవి తీసేయండి. రాని వాటిని లాగకండి, పేజీతోనే ఉంచి ఫోన్లో ఫొటో తీసుకోండి. రబ్బరు బ్యాండు, స్టేప్లరు, సెలో టేపు, ఫెవికాల్ ఏదీ ఫొటోకు తగలకూడదు. లామినేషన్ అసలే వద్దు. ఆధార్‌కు చేయించినట్టు తాత ఫొటోకు చేయిస్తే ఆ వేడి, ఆ జిగురు దానిలో శాశ్వతంగా ఉండిపోతాయి, తర్వాత బాగు చేయించాలన్నా కుదరదు.

పట్టుకునేటప్పుడు చేతులు కడిగి, బాగా ఆరాక, అంచులు పట్టుకోండి. బొమ్మ మీద వేలు పెట్టి "ఇదిగో మా అవ్వ" అని చూపించడం మనందరికీ అలవాటే. ఆ వేలి చెమటే మచ్చ అవుతుంది. ఏడాదికి రెండుసార్లు పెట్టె తెరిచి చూడండి. విత్తనాల పండుగకు ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి. చెద దారి కనపడినా, బూజు వాసన వచ్చినా అప్పుడే దొరుకుతుంది. బూజు ఉంటే తడిగుడ్డతో తుడవకండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇంటి బయట, పొడి మెత్తని బ్రష్‌తో మెల్లగా దులపండి.

ఇప్పుడు సర్దడం. పుస్తకాల్లో "సంవత్సరాల వారీగా పెట్టండి" అంటారు. మన ఇళ్లలో అది మొదటి అడుగులోనే ఆగిపోతుంది, ఎందుకంటే ఏ సంవత్సరమో ఎవరికీ తెలియదు. కాబట్టి మనుషుల వారీగా మొదలుపెట్టండి. అమ్మ వైపు ఒక కట్ట, నాన్న వైపు ఒక కట్ట. అందులో ఇంటి పేరు, కోయవాళ్లయితే గట్టు, గోండులైతే ఎన్ని దేవర్ల సగ అన్నది. మన బంధుత్వాల లెక్కే మన అల్మారా. పండుగలవి, బడివి, పొలంవి ఆ తర్వాత విడగొట్టుకోవచ్చు.

సంవత్సరం పట్టుకోవడానికి మన దగ్గర వేరే కొలతలున్నాయి. గోదారి ఒడ్డు ఊళ్లలో "86 వరదకు ముందా, తర్వాతా?" అని అడగండి, అవ్వ ఠక్కున చెప్తుంది. మేడారం రెండేళ్లకోసారి కాబట్టి జాతర ఫొటో దొరికితే పక్కన పెద్దోడి వయసు అడిగి లెక్క కట్టొచ్చు. ఫొటో వెనక స్టూడియో ముద్ర చూడండి. భద్రాచలం స్టూడియో ముద్రలో ఖమ్మం జిల్లా అని ఉంటే అది ఎక్కువగా 2016కు ముందుది, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఆ ఏడాది అక్టోబరులోనే వచ్చింది. తేదీ ఖచ్చితంగా తెలియకపోతే తెలిసినంతే రాయండి. "వరద తర్వాత, చిన్నక్క పుట్టకముందు" అన్నది కూడా తేదీయే. ఊహించి ఒక సంవత్సరం వేసేయడం కంటే అది వెయ్యి రెట్లు నిజం. రేపు ఆ ఫొటోను సాక్ష్యంగా పెట్టాల్సి వస్తే, తప్పు తేదీ మనకే ఎదురు తిరుగుతుంది.

పేరు ఎట్లా రాయాలి? పాత కాగితం ఫొటో అయితే వెనక, అంచున, మెత్తని పెన్సిల్‌తో, నొక్కకుండా. బాల్‌పెన్ను గీత ముందువైపు గాడిలా తేలుతుంది. కొత్త ఫొటోలకు వెనక నున్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, పెన్సిల్ పడదు. వాటికి కవరు మీద రాయండి, ఫొటో లోపల పెట్టకముందే రాయండి. పేరు రాసేటప్పుడు ఇంట్లో పిలిచే పేరు ముందు రాయండి. బడిలో మాస్టారు మార్చిన పేరు, ఆఫీసులో గుమస్తా తప్పుగా రాసిన పేరు తర్వాత. మన కాగితాల్లో తండ్రి పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉండి ఎంతమంది తిరిగారో మీకు తెలుసు. రెండూ ఒకరివేనని ఇంట్లో ఒక రాత ఉండాలి. ఆడవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. "ఫలానా ఆయన భార్య" అని ఆపేయకండి. ఆమె పేరు, పుట్టిన ఊరు, పుట్టింటి ఇంటి పేరు రాయండి. చాలా ఇళ్లలో ముత్తవ్వ పేరు తెలిసిన మనిషి ఒక్కరే మిగిలారు. ఈ వారం ఆమె దగ్గర కూర్చోండి. ఫొటో చూపించి, ఫోన్లో గొంతు రికార్డు పెట్టి, ఆమె భాషలోనే మాట్లాడనివ్వండి. కోయ, గోండి, కువి, సవర, ఏదైతే అది. తెలుగులోకి మార్చి చెప్పమని తొందర పెట్టకండి.

ఫోన్లో కాపీ తీయడం మీకు తెలిసిన పనే, కానీ కొన్ని మాటలు. ఎండలో కాదు, తలుపు దగ్గర నీడ వెలుతురులో. ఫ్లాష్ వద్దు. ఫొటోను సమంగా పరిచి, ఫోను సరిగ్గా పైన పట్టుకుని తీయండి. ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి, ఎందుకంటే రాత, ముద్ర అక్కడే ఉంటాయి. ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫొటోను పీకకండి, అద్దంతోనే తీయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. మూడు చోట్ల ఉంచండి: ఫోన్లో ఒకటి, మెమరీ కార్డులోనో కంప్యూటర్‌లోనో ఒకటి, వేరే ఊళ్లో ఉన్న చుట్టం దగ్గర ఒకటి. ఫోన్లో ఉంది కదా అని అసలుది పారేయకండి. ఫోను రెండు మూడేళ్లకు పోతుంది. మంచి చోట ఉంచిన నలుపు తెలుపు ఫొటో మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

వరద గురించి విడిగా చెప్పాలి. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986లో గోదారి 75 అడుగులు దాటింది, 2022 జూలైలో 71 దాటింది. చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, కుక్కునూరు వైపు ఇళ్లకు ఆ నీళ్లంటే ఏంటో చెప్పక్కర్లేదు. వరద ఊళ్లలో ఫొటోల కవర్లను మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టి, పట్టా కాగితాలతో పాటే చేతికి అందేలా ఉంచండి. లేవమన్నప్పుడు రెండు సంచులు వెతకాల్సిన పని ఉండకూడదు, ఒకటే సంచి.

అయినా తడిస్తే? అంటుకున్న ఫొటోలను లాగొద్దు. శుభ్రమైన చన్నీళ్లలో ఉంచితే వాటంతట అవే విడతాయి. బురదను వేలితో రుద్దకుండా నీళ్లలో ఆడించి వదిలించండి. బొమ్మ పైకి ఉండేలా శుభ్రమైన గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి, ఎండలో వేస్తే ముడుచుకుపోతాయి. రెండు రోజుల్లో చేయకపోతే బూజు మొదలవుతుంది. అంత తీరిక లేకపోతే, మధ్య మధ్య ప్లాస్టిక్ కాగితం వేసి, సంచిలో పెట్టి, తెలిసిన వాళ్ల ఫ్రీజర్‌లో ఉంచమనండి. తర్వాత నిదానంగా చేసుకోవచ్చు. ఒకటే మినహాయింపు. రంగు ప్రింటర్ మీద తీసిన ఫొటోల రంగు నీటిలో కరుగుతుంది, వాటిని నీళ్లలో పెట్టకండి.

పోలవరం కాఫర్‌డ్యామ్ కట్టాక దేవీపట్నం మండలంలో ఊళ్లు నీళ్ల కింద ఉన్నాయి. ఆ ఊరి వీధి, ఆ చింతచెట్టు, ఆ వేల్పుల చోటు ఇప్పుడు ఫొటోలోనే కనపడతాయి. పునరావాసం పేరుతో ఏ కుటుంబాన్ని లేపినా, ముందు ఆ ఇంటిని, పొలాన్ని, శ్మశానాన్ని ఫొటోలు తీసి, తేదీ వేసి, ఒక కాపీ ఆ కుటుంబానికి ఇవ్వాలని మనం అడగాలి. అరకులో, జోడేఘాట్‌లో మ్యూజియంలు ఉన్నాయి. ఏ మ్యూజియమైనా సరే, మన ఫొటో పెడితే కింద మనిషి పేరు ఉండాలని కూడా అడగాలి. కానీ అడిగే ముందు మన ఇంటి ఫొటో వెనక పేరు రాసి ఉండాలి.

ఒక హెచ్చరిక కూడా. అన్నీ ఫేస్‌బుక్‌లో పెట్టేయడం దాచడం కాదు. వేల్పుల ఫొటోలు, బయటివాళ్లు చూడకూడని పూజల ఫొటోలు ఉంటాయి. వాటిని పెద్దలను అడగకుండా బయట పెట్టొద్దు. చనిపోయిన బిడ్డ ఫొటో చూడలేని తల్లి ఉంటుంది. ఆమెను బలవంతం చేయొద్దు. అసలు ఫొటోలను పరిశోధన అని, వార్త అని, ఎగ్జిబిషన్ అని ఎవరడిగినా ఇవ్వకండి. కాపీ ఇవ్వాలా వద్దా అన్నది ఇంటివాళ్ల ఇష్టం. మేము అడిగినా అంతే, అసలుది ఇంట్లోనే ఉండాలి. పెళ్లై వేరే ఊరు పోయిన ఆడబిడ్డకు మాత్రం ఒక సెట్టు కాపీలు తప్పకుండా ఇవ్వండి. అవి ఆమె ఫొటోలు కూడా. పైగా మీ ఇల్లు కాలినా మునిగినా ఆమె దగ్గరివే మిగులుతాయి.

ఆగస్టు 9 వస్తోంది. ఆ రోజు ర్యాలీ తీస్తాం, జెండా ఎగరేస్తాం, డోలు కొడతాం. దానికి ముందు ఒక్క సాయంత్రం మీ గూడెంలో దీనికి ఇవ్వండి. ఒక తెల్ల గుడ్డ, ఒక ఫోను, ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిల్ చాలు. ప్రతి ఇంటి నుంచి ఒక ఫొటో తెమ్మనండి. పెద్దలను మధ్యలో కూర్చోబెట్టండి. ఇది ఎవరు, ఎక్కడ, వెనక కనపడే ఆ నేల ఎవరిది అని అడగండి, రాయండి. కాపీ తీసి, అసలుది అప్పటికప్పుడే వాళ్ల చేతిలో పెట్టండి. సెలవుల్లో హాస్టల్ నుంచి ఇంటికి వచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీ పని. చదువు వచ్చింది మీకే, పేర్లు తెలిసింది వాళ్లకే. ఆ ఇద్దరూ ఒక చాప మీద కూర్చునే రోజులు ఎన్నో లేవు.

జోహార్. జై ఆదివాసీ.